భయం చెప్పే పిల్ల

ఆ ఇంట్లో పదకొండేళ్ళ పిల్ల ఒక్కతే పెద్దది. మిగిలిన ఇద్దరూ వాళ్ళ అమ్మా నాన్నా.

ఊళ్ళో ఆ పిల్లను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. బుల్లవ్వ అనేవారు. ముసలమ్మలాగా నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడటం, దుకాణంలో సరుకు వాసన చూసి మూతి తిప్పడం, దారిన పోయే కుక్కను కూడా "నీకు బుద్ధుందా?" అని నిలదీయడం, ఇవన్నీ వాళ్ళ నాయనమ్మ దగ్గర పట్టిన విద్యలు. నాయనమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ ఇల్లు ఆవిడ నోటి మీదే నడిచింది. కొడుక్కి ఒళ్ళు పెరిగింది గానీ బుద్ధి పెరగలేదు. కోడలిని కూడా ఏరికోరి అలాంటిదాన్నే తెచ్చుకుంది. "తెలివిగలది వస్తే నా కొడుకును చులకన చేస్తుంది, నాకెందుకా గొడవ" అన్నది ఆవిడ లెక్క. చెప్పిందే చెప్పి, చూపిందే చూపి, ఇద్దరినీ ఎలాగో నెట్టుకొచ్చింది. పోయిన చలికాలంలో నాయనమ్మ కాలం చేసింది. ఆవిడ నోరు మాత్రం మనవరాలికి దక్కింది.

నాన్న కోళ్ళషెడ్డులో గుడ్లు ఏరేవాడు. ఆయన చేతిలో గుడ్డు పగిలిందని ఎవరూ ఎరగరు. ఎవరేం చెప్పినా చివరి మాట తిరిగి అనడం ఆయన అలవాటు. "వాన వచ్చేలా ఉంది" అంటే "వచ్చేలా ఉంది" అంటాడు. అందుకని ఊరందరికీ ఆయనంటే ఇష్టమే. తమ మాటకు అడ్డు చెప్పనివాణ్ణి ఎవరు కాదంటారు! అమ్మ సంగతి వేరు. మెరిసేవన్నీ కావాలి, ఎగిరేవన్నీ కావాలి. కొత్తవాళ్ళు కనబడితే నవ్వు ఆగదు. గిన్నె తోమమంటే ఇంక చాలని ఎవరో ఒకరు చెప్పేదాకా దాన్నే తోముతూ ఉంటుంది.

నాయనమ్మ పోయిన కొత్తలో ఒకనాడు అమ్మ బుడగలవాడి వెనకాల పోయింది. బుల్లవ్వ బడి నుంచి వచ్చేసరికి ఇల్లు తీసి ఉంది, మనిషి లేదు. వెతుక్కుంటూ పోతే పెద్దరోడ్డు నడిమధ్యన కనబడింది, ఎగిరిపోయిన ఎర్ర బుడగ కేసి నోరు తెరుచుకుని చూస్తూ. లారీ హారను మోగుతూనే ఉంది. అది తనకోసం మోగుతోందని అమ్మకు తెలియలేదు. బుల్లవ్వ పరుగెత్తుకెళ్ళి జుట్టు పట్టుకుని పక్కకు లాగింది. లారీ పోయాక ఆ పిల్లకు ఒళ్ళంతా వణుకు పుట్టింది. ఆ వణుకును ఏం చేసుకోవాలో తెలియక అమ్మ చెంప మీద ఛెళ్ళున ఒక్కటి వేసింది. అమ్మ ఏడవలేదు. చెంప పట్టుకుని కూతురివైపు కొత్తమనిషిని చూసినట్టు చూసింది. ఆ తర్వాత మళ్ళీ రోడ్డెక్కలేదు.

దెబ్బ పనిచేసింది. పనిచేసిన మందును మానేసేవాళ్ళను మీరెక్కడైనా చూశారా? నీళ్ళ బిందె బోర్లా పడేస్తే ఒక గిల్లుడు. తలుపు తీసి పెట్టి వీధిలో నిలబడితే నెత్తిన ఒక మొట్టికాయ. అదంతా కొట్టడమని బుల్లవ్వ ఏనాడూ అనుకోలేదు. భయం చెప్పడం అనుకుంది. నాయనమ్మ కూడా భయం చెప్పేది కదా! కాకపోతే నాయనమ్మ కర్ర నేలకు తగిలేది, మనిషికి తగిలేది కాదు. ఆ తేడా ఈ పిల్లకు తెలియలేదు. చెప్పడానికి పెద్దవాళ్ళు ఎవరున్నారు గనక. ఊరివాళ్ళు ఎదురైతే "అయ్యో పాపం" అనేవారు. అయ్యో పాపానికి ఖర్చేముంది, గాలికి వస్తుంది, గాలికి పోతుంది.

ఇంట్లో ఒక్కచోట మాత్రం నాయనమ్మ ఇంకా ఉన్నట్టే ఉండేది. పొయ్యి ముందు నేల మీద సున్నంతో గీసిన గీత అది. కాపురానికి వచ్చిన ఏడాదే అమ్మ పొయ్యిలోని నిప్పు అందంగా ఉందని చెయ్యి పెట్టింది. మోచెయ్యి దాకా కాలింది. పుండు మానాక నాయనమ్మ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా గీత గీసి "ఇది దాటావంటే చూడు" అంది. అమ్మ దాటలేదు. గీతకు ఇవతల కూర్చుని కూరగాయలు తరిగి, చెయ్యి చాచి అందించేది. సున్నం చెరిగిపోయినప్పుడల్లా బుల్లవ్వ మళ్ళీ దిద్దేది. పొద్దున్నే లేచి వంట చేసి, నాన్నకు డబ్బా కట్టి, అమ్మ జడ వేసి, తాను బడికి పోయేసరికి రోజూ ఆలస్యమే. వెనక బెంచీలో కూర్చుని కునికిపాట్లు పడేది.

ఆ కునికిపాట్లే కొంప మీదికి తెచ్చాయి. పంతులమ్మ జాలిపడి ఎక్కడో ఎవరి చెవినో వేసింది. ఒక మధ్యాహ్నం ఊళ్ళో సూదులు వేసే నర్సమ్మ బుల్లవ్వను దారిలో ఆపింది.

"రేపు జీపు మేడం మీ ఇంటికి వస్తోందే. ఇల్లు సర్ది ఉంచుకో."

జీపు మేడం అంటే ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. పెంచలేని తల్లిదండ్రుల దగ్గర నుంచి పిల్లల్ని తీసుకెళ్ళి పట్నంలో హాస్టల్లో పెట్టేది ఆవిడే. అంతకు ముందేడు పిండిమిల్లు పక్కనుండే తాగుబోతు ఇంటికి ఇలాగే వచ్చింది. సాయంత్రానికి ఇద్దరు పిల్లలు జీపులో కూర్చుని ఉన్నారు. ఆ పిల్లలు మళ్ళీ ఊరి మొహం చూడలేదు.

"ఎందుకు పిన్నీ? మా నాన్న తాగడు కదా?"

"తాగడులే. అయినా..." నర్సమ్మ నీళ్ళు నమిలింది. "వాళ్ళు నిన్ను చూసుకోగలరా లేదా అని చూస్తారట. మంచావిడేలే, భయపడకు."

భయపడకు అన్నాక భయపడనివాళ్ళు ఎవరు? దారి పొడుగునా ఆ పిల్ల కళ్ళముందు ఒకటే సినిమా. తాను జీపులో పోతూ ఉంటుంది. నాన్న గుమ్మంలో కూర్చుని ఉంటాడు. లేవమని చెప్పేవాళ్ళు లేక ఎండలో, వానలో అక్కడే కూర్చుని ఉంటాడు. అమ్మ రోడ్డు మీద నిలబడి ఉంటుంది. ఈసారి జుట్టు పట్టుకుని లాగేవాళ్ళు ఉండరు. తాను లేకపోతే ఈ ఇద్దరూ నాలుగు రోజులు కూడా బతకరని బుల్లవ్వ ఒట్టు పెట్టి చెప్పగలదు. తనకేదో అవుతుందని కాదు ఆ పిల్ల దిగులు.

దీపాల వేళకే ఇద్దరినీ గోడ వారన కూర్చోబెట్టింది. తాను ఎదురుగా పీట వేసుకుని మేడం అయింది.

"వంట ఎవరు చేస్తారు?"

"బుల్లవ్వ" అంది అమ్మ, నవ్వుతూ.

"కాదమ్మా! 'నేనే చేస్తాను' అనాలి. అను."

"నేనే చేస్తాను."

"బట్టలు ఎవరు ఉతుకుతారు?"

"నేనే."

"పాపను బడికి ఎవరు పంపిస్తారు?"

"నేనే!" అమ్మకు ఈ ఆట బాగా నచ్చింది.

"షెడ్డుకు ఎవరు పోతారు?"

"నేనే!"

నాన్న గతుక్కుమన్నాడు. "నేను కదా?" అని కూతుర్ని అడిగాడు, ఉన్న పని ఊడినవాడిలా మొహం పెట్టి. మరోనాడైతే బుల్లవ్వ పడీపడీ నవ్వేది. ఆ సాయంత్రం నవ్వు రాలేదు. "రేపు దొంగతనం ఎవరు చేశారంటే కూడా నేనే అంటావు నువ్వు!" అని అమ్మ జబ్బ మీద గట్టిగా గిల్లింది. అమ్మ నవ్వు టక్కున ఆగిపోయింది. నాన్న మెల్లగా గోడవైపు తిరిగి కూర్చున్నాడు. అమ్మకు భయం చెబుతున్నప్పుడల్లా ఆయన చేసే పని అదే.

మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఒక్కో తప్పుకు ఒక్కో గిల్లుడు. కాసేపటికి అమ్మ ఒక్క తప్పు లేకుండా చెప్పేస్తోంది. తాగుబోతు ఇంటి పిల్లల్ని ఏమేం అడిగారో ఊళ్ళో అందరూ చెప్పుకున్నదే గనక బుల్లవ్వ అది కూడా వదల్లేదు.

"ఇంట్లో ఎవరైనా కొడతారా?"

అమ్మ కూతురి మొహంలోకి చూసింది. జబ్బ రుద్దుకుంటూ చాలాసేపు చూసింది. నిజంగా అడుగుతోందా, ఇది కూడా ఆటేనా అన్నట్టు ఉంది ఆ చూపు.

"ఎవరూ కొట్టరు అను."

"మరి..."

బుల్లవ్వ చెయ్యి ఎత్తింది.

"ఎవరూ కొట్టరు" అంది అమ్మ, గబగబా.

మర్నాడు తెల్లారీ తెల్లారకముందే బుల్లవ్వ ఇల్లంతా ఊడ్చింది. నాన్నకు ఉతికిన చొక్కా తొడిగింది. షెడ్డుకు పోవద్దని చెప్పింది. అప్పుడు పొయ్యి ముందు గీత కంటబడింది. మేడం వచ్చి ఇదేంటని అడిగితే? వంట చేసే మనిషి ఇంట్లో పొయ్యి ముందు గీత ఎందుకు? తడిగుడ్డ తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆ గోడ నుంచి ఈ గోడ దాకా రుద్ది రుద్ది తుడిచేసింది.

అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. "గీత పోయింది" అంది, కళ్ళు పెద్దవి చేసుకుని.

"ఇవాళ గీత లేదులే. నువ్వెళ్ళి నోరు మూసుకుని కూర్చో."

"ఇవాళ గీత లేదు" అని అమ్మ తనలో తాను అనుకుంది. మళ్ళీ అనుకుంది. ఆ మాట బుల్లవ్వ చెవిన పడనే పడింది. కానీ చెంబులు తోమాలి, దుప్పట్లు మడవాలి, జడ వేయాలి. ఆగి ఆలోచించే తీరిక ఎక్కడిది!

జీపు సందులోకి రాదు. మేడం రోడ్డు దగ్గర దిగి నడిచి వచ్చింది. పొట్టి మనిషి. ఒక కాలు కొంచెం ఈడుస్తుంది. గుమ్మం దగ్గరికి వచ్చి "అమ్మయ్యా" అని అరుగు మీద కూలబడి మంచినీళ్ళు అడిగింది. చేతిలో కాగితం ముక్క కూడా లేదు. రాత్రంతా కోరలున్న రాక్షసిని ఊహించుకున్న బుల్లవ్వకు ఈ ఆయాసపడే మనిషిని చూస్తే భయం తగ్గాలి. తగ్గలేదు, ఇంకా పెరిగింది. అరిచేవాళ్ళైతే ఎటు తప్పుకోవాలో తెలుస్తుంది. మెత్తగా మాట్లాడేవాళ్ళతోనే చిక్కు.

"ఏం పని చేస్తావయ్యా?" అని నాన్నను అడిగింది మేడం.

"చేస్తావయ్యా" అన్నాడు నాన్న.

"మా నాన్నకు సిగ్గండీ" అంది బుల్లవ్వ. "కోళ్ళషెడ్డులో గుడ్లు ఏరతాడు."

"అలాగా. పిల్లలెంతమంది?"

"షెడ్డులోనా?" అన్నాడు నాన్న.

మేడం నవ్వింది. మనస్ఫూర్తిగానే నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. బుల్లవ్వ ఒక్కతే ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చుంది.

"వంట ఎవరు చేస్తారమ్మా?"

"నేనే చేస్తాను."

"ఇవాళ ఏం వండావు?"

ఇది నేర్పలేదు. అమ్మ బిక్కమొహం వేసి కూతురివైపు చూసింది. "పొద్దున్నే వండేసిందండీ, మర్చిపోయి ఉంటుంది..." అని బుల్లవ్వ అందుకుంది.

"నిన్ను అడగలేదు తల్లీ" అంది మేడం. అంత మెత్తగా అన్న ఆ మాటకే బుల్లవ్వ వెనక్కి జరిగి కూర్చుంది. "పోనీ ఇది చెప్పమ్మా. ఇంట్లో ఎవరైనా కొ..."

"ఎవరూ కొట్టరు" అంది అమ్మ.

ప్రశ్న ఇంకా పూర్తి కాలేదు. అమ్మ కళ్ళు మేడం మొహం మీద లేవు, బుల్లవ్వ కుడిచేతి మీద ఉన్నాయి. ఆ చూపు ఎటు పోయిందో మేడం చూసింది. మేడం చూసిందని బుల్లవ్వ కూడా చూసింది. అందులో చూడవలసింది ఏముందో మాత్రం ఆ పిల్లకు తట్టలేదు. పాఠం బాగానే అప్పజెప్పింది కదా అనుకుంది.

"నువ్వు ఒక పని చెయ్యి" అంది మేడం. "షెడ్డు యజమానితో మాట్లాడాలి. వెళ్ళి పిలుచుకురా."

"నాన్న వెళ్తాడండీ. నేను ఇక్కడే..."

"నాన్నతో నాకు పనుంది. నువ్వే వెళ్ళు. మెల్లగానే రా, తొందరేం లేదు."

తొందరేం లేదన్న మాటతో ఆ పిల్లకు పై ప్రాణాలు పైనే పోయాయి. తనను పక్కకు తప్పించి వీళ్ళను అడుగుతుంది. ఏది అడిగితే అది చెప్పేస్తారు. వెళ్ళనంటే అనుమానం వస్తుంది. వెళితే అన్నీ బయటపడతాయి. అమ్మవైపు చూసి కళ్ళు ఉరిమి, చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది.

షెడ్డు ఊరి చివర. వేలకొద్దీ కోళ్ళ అరుపులో మాట వినబడదు. యజమాని జల్లెడతో దాణా జల్లిస్తున్నాడు. బుల్లవ్వ రొప్పుతూ చెప్పిన మాట రెండోసారికి గానీ ఆయన చెవికెక్కలేదు.

"జీపు మేడమా? వస్తున్నా పద. మీ నాన్న బంగారం అని చెప్తాలే. ఇదొక్కటి పూర్తి చేసుకుని..."

ఆయన బంగారం అక్కడే వదిలేసి వెనక్కి పరుగుతీసింది. రోడ్డు మలుపులో జీపు ఆగి ఉంది. డ్రైవరు వెనక తలుపు తీసి సీటు మీద దుమ్ము గుడ్డతో దులుపుతున్నాడు. ఎవరు కూర్చోవడానికి దులుపుతున్నాడు? మేడం ముందు కూర్చుంటుంది కదా! బుల్లవ్వకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుస్తూ పరుగెత్తితే ఊపిరి చాలదని ఏడుపు మింగేసింది.

సందులోకి తిరిగేసరికి వంటగది కిటికీలోంచి పొగ కనబడింది.

పొద్దున తాను పొయ్యి ఆర్పి వెళ్ళింది. నీళ్ళు చల్లి మరీ ఆర్పింది. ఇవాళ గీత లేదు. అమ్మ పొద్దున గొణుక్కున్న మాట అప్పుడు అర్థమైంది ఆ పిల్లకు. గీత చెరిపితే దాటవచ్చని అమ్మ లెక్క. అగ్గి అమ్మకు అందంగా కనబడుతుంది. మోచేతి దాకా కాలిన చర్మం, నాయనమ్మ పెట్టిన కేకలు, నెలల తరబడి రాసిన మందు వాసన, ఇవేవీ బుల్లవ్వ కళ్ళతో చూసినవి కావు. విన్నవే. అయినా అన్నీ ఒక్కసారి కళ్ళముందు ఆడాయి. వాకిలి ఎలా దాటిందో, ముందుగది ఎలా దాటిందో తెలియదు.

అమ్మ పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఉంది. పొయ్యిలో పుల్లలు చక్కగా మండుతున్నాయి. గిన్నెలో టీ కాగుతోంది. అమ్మ గరిటెతో కలుపుతోంది.

"ఏయ్!" అని అరిచింది బుల్లవ్వ. చెయ్యి దానంతట అదే పైకి లేచింది.

అమ్మ గరిటె వదిలేసింది. రెండు చేతులూ నెత్తి మీద అడ్డం పెట్టుకుని, మోకాళ్ళలో తల దూర్చి, ముడుచుకుపోయింది. మూలన పీట మీద కూర్చున్న నాన్న గోడవైపు తిరిగాడు. ఇద్దరూ ఆ పనులు ఎంత వేగంగా చేశారంటే, ఒకరు చెబితే చేసినట్టు లేదు. రోజూ చేసే పనిలా ఉంది.

"ఆ చెయ్యి దించమ్మా" అని వెనక నుంచి మాట వినబడింది.

తలుపు వారన మేడం నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో! టీ పెట్టడం వచ్చా అని తనే అడిగిందట, అమ్మ వచ్చు అందట, అయితే పెట్టు అని పక్కనే నిలబడిందట. ఇవన్నీ ఆవిడ తర్వాత చెప్పింది. అప్పుడు మాత్రం బుల్లవ్వకు తన చెయ్యి గాలిలో ఉందని తెలిసింది, అంతే. దించింది. ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మేడం కుంటుకుంటూ వెళ్ళి అమ్మ పక్కన కూర్చుంది. అమ్మ జబ్బ మీద రవిక చెయ్యి కొంచెం పైకి జరిపింది. కొత్త గిల్లుళ్ళు ఎర్రగా ఉన్నాయి. పాతవి పచ్చబడి ఉన్నాయి.

"కాల్చుకుంటుందండీ!" అని బుల్లవ్వ ఒక్కసారిగా మొదలుపెట్టింది. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "ఒకసారి కాల్చుకుంది. రోడ్డు మధ్యలో నిలబడింది. లారీ వచ్చింది. చెబితే వినదు. నేను లేకపోతే చచ్చిపోతుందండీ. కొట్టడం కాదండీ, భయం చెబుతా, అంతే. నాకు భయమేస్తుందండీ. బడిలో కూర్చున్నా భయమే, పడుకున్నా భయమే. భయమేసినప్పుడే... భయమేసినప్పుడే కొడతా..."

ఆ ఆఖరి మాట తన నోటి నుంచే వచ్చిందని ఆ పిల్లకే నమ్మకం కలగలేదు. ఎవరో పక్కన నిలబడి అన్నట్టుంది. సిగ్గుతో చెవులు మండిపోయాయి.

మేడం కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "వీళ్ళిద్దరూ నిన్ను పెంచగలరా అని చూడటానికి వచ్చాను" అంది. "ఇప్పుడు ఇంకో సంగతి కూడా చూడాల్సి వచ్చింది." అమ్మవైపు తిరిగింది. "అమ్మా, నిన్నే అడుగుతున్నా. ఈ పిల్ల మీ దగ్గరే ఉండాలా? నాతో తీసుకెళ్ళిపోనా?"

అమ్మ నెత్తి మీది చేతులు మెల్లగా దించింది. అలవాటు చొప్పున కూతురివైపు చూసింది, జవాబు కోసం.

ఈ జవాబు నేర్పలేదు. ఇప్పుడైనా నేర్పవచ్చు. పెదవి కదిపితే చాలు, అమ్మ అందుకుంటుంది. 'ఉండాలి అను.' మాట గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. ఇన్నాళ్ళూ జీపు వచ్చి తనను ఎత్తుకుపోతుందని భయపడింది. అమ్మే పొమ్మంటుందేమోనన్నది ఆ పిల్ల కలలో కూడా అనుకోని సంగతి. పొమ్మంటే? పొమ్మనడానికి అమ్మకు కారణాలు లేవా? జబ్బ నిండా ఉన్నాయి. బుల్లవ్వ నోరు బిగించుకుని నేల చూపులు చూసింది. పుట్టి బుద్ధెరిగాక అంత భయం ఎరగదు.

టీ పొంగి నిప్పుల్లో పడి సుయ్యిమంది. అమ్మ గబుక్కున తిరిగి, మసిగుడ్డతో గిన్నె అంచు పట్టుకుని, దించి పక్కన పెట్టింది. చెయ్యి కాలలేదు. గుడ్డ మళ్ళీ మడిచి పెట్టింది. అప్పుడు మేడంవైపు తిరిగింది.

"ఉండాలి" అంది.

ఇంకేదో ఉంది. దాన్ని వెతుక్కుంటున్నట్టు అమ్మ నుదురు ముడిపడింది. ఎవరూ తొందరపెట్టలేదు.

"కొట్టకూడదు."

"కొట్టకూడదు" అన్నాడు నాన్న, గోడవైపు తిరిగే. చివరి మాట తిరిగి అనడం ఆయనకు అలవాటే. కానీ ఈసారి ఆ మాట అన్నాక ఆయన భుజాలు వణికాయి.

మేడం గోడవైపు తిరిగిన నాన్నను ఒకసారి చూసింది. తర్వాత బుల్లవ్వతో అంది. "విన్నావు కదా. ఇవాళ నిన్ను తీసుకెళ్ళను. రేపటి నుంచి పొద్దున్నే నర్సమ్మ వస్తుంది. పొయ్యి దగ్గర అమ్మ పక్కన ఆవిడ కూర్చుంటుంది, నువ్వు కాదు. నువ్వు వేళకు బడికి పోవాలి. నేను మళ్ళీ వస్తాను, చెప్పి రాను. వచ్చి నిన్ను ఒక్క మాట అడగను. అమ్మను అడుగుతాను. అమ్మ గనక..."

మాట పూర్తి చేయలేదు. చేయనక్కర్లేదు. బుల్లవ్వకు అర్థమైంది. ఇకమీదట తాను ఈ ఇంట్లో ఉండాలో పోవాలో చెప్పేది అమ్మ.

అమ్మ గ్లాసుల్లో టీ పోసింది. మేడం ఊదుకుంటూ తాగింది. బయట షెడ్డు యజమాని గొంతు వినబడుతోంది, "బంగారమండీ, వీళ్ళ నాన్న బంగారం" అంటూ. మేడం లేచి ఆయనతో మాట్లాడటానికి వెళ్ళింది.

అప్పటిదాకా నిలబడి ఉన్న బుల్లవ్వ ఉన్నచోటే కూలబడింది. మోకాళ్ళలో తల దూర్చి, చేతులు నెత్తి మీద వేసుకుని ఏడ్చింది. నాయనమ్మ పోయిననాడు కూడా అంతలా ఏడవలేదు. ఆనాడు చేయాల్సిన పనులు ఉన్నాయి. ఇవాళ పొయ్యి మండుతున్నా పట్టించుకోకుండా ఏడ్చింది.

అమ్మ కొంచెం దూరంలో నిలబడి చూసింది. అలా ముడుచుకుని కూర్చున్న మనిషికి ఏమైందో ఆ ఇంట్లో అందరికంటే బాగా తెలిసింది అమ్మకే. దగ్గరికి వచ్చింది. పక్కన కూర్చుంది. తాకాలా వద్దా అని చెయ్యి చాచి, ఆపి, మళ్ళీ చాచి, పిల్ల వీపు మీద వేసింది.

"ఏడవకు" అంది అమ్మ. "నేను కొట్టనులే."